గెస్టాల్ట్ థెరపీనా, సీబీటీనా, ఊరికే వినే కౌన్సిలింగా? మన బోర్డర్ ఊళ్ళ వాళ్ళు ఎలా తేల్చుకోవాలి

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో ఎవరికైనా ఛాతీ బరువుగా ఉంది, రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు అంటే ముందు గ్యాస్ టాబ్లెట్ ఇస్తారు, తర్వాత ఈసీజీ తీయిస్తారు, ఈసీజీ బాగానే ఉందని తేలాక పక్కింటి పిన్నిగారు దిష్టి తీయించమంటారు, ఇవన్నీ అయ్యాక ఎప్పటికో ఎవరో ఒకరు మెల్లిగా "కౌన్సిలింగ్‌కి వెళ్ళరాదూ" అంటారు. సరేనని ఫోన్ తీసి వెతికితే అక్కడ ఇంకో చిక్కు. ఒకాయన పేరు కింద సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, ఆలోచనల్ని, చేసే పనుల్ని పట్టుకుని మార్చే పద్ధతి), ఇంకొకావిడ పేరు కింద గెస్టాల్ట్, మరొకరికి పర్సన్ సెంటర్డ్, సైకోడైనమిక్, కొందరికైతే అన్నీ కలిపి ఉంటాయి, టిఫిన్ హోటల్ బోర్డు మీద ఇడ్లీ నుంచి నూడిల్స్ దాకా రాసినట్టు.

నేను ఈ తిప్పలు పడ్డదాన్నే. 2021లో నాన్న పోయారు, ఆఖరి మాట మాట్లాడుకోవడం కుదర్లేదు, ఏడాదిన్నర పాటు నాకు ఏడుపే రాలేదు, దానికి బదులు మెడ పట్టేసేది. రెండు మూడు పద్ధతులు చూశాక ఇది రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, కుర్చీకి ఇటువైపు కూర్చున్న మనిషిని, అది గుర్తుపెట్టుకుని చదవండి.

ముందు ఏం చూస్కోవాలి

పద్ధతి పేర్ల జోలికి వెళ్ళకముందు మిమ్మల్ని మీరు కొన్ని అడగండి.

మీ కష్టం ఎలాంటిది? బస్సెక్కితే గుండె దడ, పరీక్ష హాల్లో బ్లాంక్ అవ్వడం, చెయ్యి పదిసార్లు కడగడం, ఇలా వేలు పెట్టి చూపించగలిగేదా? లేక "అన్నీ బానే ఉన్నాయి గానీ ఏదో తెగట్లేదు" అనే రకమా? ఈ రెండింటికీ దారులు వేరు.

ఏ భాషలో ఏడుస్తారు? నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నా. మనం స్కూల్లో ఒడియా, బజార్లో అటూ ఇటూ, ఆఫీసులో హిందీ, ఇంట్లో తెలుగు. అన్నీ వచ్చు కాబట్టి కౌన్సిలర్ ఏ భాష వాళ్ళైనా పర్లేదు అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని దెబ్బతిన్నా, దాని సంగతి కింద చెప్తా.

సెషన్‌లో కదిలిపోయి ఇంటికి వస్తే మిమ్మల్ని కాసేపు ఒంటరిగా వదిలేసే మనుషులున్నారా, లేక తలుపు తీసిన క్షణం నుంచీ వంటింట్లో పడాలా? వారం వారం ప్రయాణం చెయ్యగలరా? ఇంకోటి, ఎదురుగా కూర్చునేవాళ్ళకి ట్రైనింగ్ ఉందా? మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబర్ అడగడం తప్పేం కాదు. ఉత్త "కౌన్సిలర్" అన్న బోర్డు మాత్రం ఎవరైనా పెట్టేస్కుంటున్నారు, అక్కడ ఎక్కడ చదివారు, ఎన్నాళ్ళు నేర్చుకున్నారు అని మనమే అడిగి తెలుసుకోవాలి.

ఒకే మనిషి, ముగ్గురు థెరపిస్టులు

ఈ పోలికకి 1965లో వచ్చిన ఒక ట్రైనింగ్ ఫిల్మ్ బాగా పనికొస్తుంది. గ్లోరియా అనే ఒకావిడ్ని ముగ్గురు పెద్దవాళ్ళ దగ్గర విడివిడిగా కూర్చోబెట్టి షూట్ చేశారు: కార్ల్ రోజర్స్, ఫ్రిట్జ్ పర్ల్స్, ఆల్బర్ట్ ఎల్లిస్. రోజర్స్ ఆవిడ మాటని పట్టుకుని ఓపిగ్గా విన్నాడు, సలహా అడిగినా తొందరపడి ఇవ్వలేదు. ఎల్లిస్ ఆవిడ తనగురించి తను వేస్కున్న లెక్కల్ని, నమ్మకాల్ని పట్టుకుని వాదించాడు, సీబీటీ కుటుంబానికి ఈయన పెద్దన్న లాంటివాడు. పర్ల్స్ మాత్రం, ఆవిడ భయంగా ఉంది అంటుంటే, భయం అంటూ నవ్వుతున్నావేంటి అన్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది. ఆయనకి కావల్సింది కూడా అదే, ఎక్కడో జరిగిన కథ కాకుండా ఇప్పుడు ఈ గదిలో నిజంగా వచ్చిన కోపం.

గెస్టాల్ట్ అంటే ఏంటో ఈ ఒక్క సీన్‌లో సగం అర్థమైపోతుంది.

గెస్టాల్ట్: ఇప్పుడు, ఇక్కడ, ఈ ఒంట్లో

గెస్టాల్ట్ అనేది జర్మన్ మాట, మొత్తంగా కనపడే రూపం అని చెప్పుకోవచ్చు. పర్ల్స్ 1893లో బెర్లిన్‌లో పుట్టాడు, ఫ్రాయిడ్ దారిలో సైకో ఎనాలిసిస్ నేర్చుకున్నాడు, 1933లో హిట్లర్ వచ్చాక జర్మనీ వదిలి పారిపోయి హాలండ్, అక్కణ్ణించి సౌతాఫ్రికా, యుద్ధం అయ్యాక న్యూయార్క్ చేరాడు. 1951లో పాల్ గుడ్‌మన్, రాల్ఫ్ హెఫర్‌లైన్‌లతో కలిసి గెస్టాల్ట్ థెరపీ పేరుతోనే పుస్తకం వేశాడు, మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. భార్య లారా పర్ల్స్ మొదట్నించీ ఇందులో ఉంది, కానీ అందరూ ఆయన పేరే చెప్తారు, మన ఇళ్ళల్లో వంట ఒకరిది పేరు ఒకరిది అయినట్టు.

పద్ధతిలో ముఖ్యమైన ముక్కలు కొన్నే. ఒకటి ఎరుక. ఇప్పుడు ఏం జరుగుతోంది, గొంతు ఎక్కడ బిగిసింది, కాలు ఎందుకు ఊగుతోంది, ఊపిరి ఎక్కడ ఆగింది. "ఎందుకు" కన్నా "ఏంటి, ఎలా" అనే ప్రశ్నలు ఎక్కువ. రెండోది తెగని విషయం. 1927లో బ్లూమా జైగార్నిక్ అనే సైకాలజిస్టు, మధ్యలో ఆపేసిన పనులు పూర్తయిన పనులకన్నా ఎక్కువ గుర్తుంటాయని చూపించింది. దీనికి పుట్టుక ఒక హోటల్ సర్వర్ కథ అంటారు, బిల్లు కట్టేదాకా ఆర్డర్ మొత్తం నోటికి వచ్చేదట, కట్టగానే మర్చిపోయేవాడట. తర్వాత వేరేవాళ్ళు చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం ప్రతిసారీ రాలేదు, అది వేరే సంగతి, కానీ బిల్లు కట్టని వ్యవహారం మనసులో తిరుగుతూనే ఉంటుందన్న ఊహ మాత్రం గెస్టాల్ట్‌లో బాగా పాతుకుంది.

మూడోది మనం బయటి ప్రపంచాన్ని ముట్టుకునే చోట చేసే తప్పించుకోళ్ళు. ఇంగ్లీషులో పెద్ద పెద్ద పేర్లున్నాయి గానీ తెలుగులో ఇవన్నీ మనకి ముందే తెలుసు. ఇంట్రోజెక్షన్ అంటే నమలకుండా మింగేసిన మాటలు, "ఆడపిల్ల గట్టిగా మాట్లాడకూడదు" లాంటివి, పర్ల్స్ కూడా దీన్ని తిండి భాషలోనే చెప్పాడు. రెట్రోఫ్లెక్షన్ అంటే ఎదుటివాడి మీద పోవాల్సింది మనమీదకే తిప్పుకోవడం, పళ్ళు బిగబట్టి కడుపులో పెట్టుకోవడం. నా మెడనొప్పి ఈ ఖాతాలోదే అని తర్వాత తెలిసింది. ప్రొజెక్షన్ అంటే నాలో ఉన్న కోపాన్ని మా వదిన మొహంలో చూడ్డం. డిఫ్లెక్షన్, మాట దాటేయడం. కాన్‌ఫ్లుయెన్స్, ఎవరి ఇష్టం ఎవరిదో తెలీనంతగా కలిసిపోవడం, ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళకి దీని గురించి ఎవరూ క్లాసు పీకక్కర్లేదు.

ఇక చేసే పని. అందరూ విన్నది ఖాళీ కుర్చీ. ఎదురుగా ఒక కుర్చీ వేసి అందులో మీ నాన్నో, మీ బాసో, మీలోనే ఇంకో భాగమో కూర్చున్నట్టు ఊహించి నేరుగా మాట్లాడటం, తర్వాత ఆ కుర్చీలోకి మారి అవతలి వైపు నుంచి జవాబు చెప్పడం. ఇది నాటకం కాదు, ముందే రాసుకున్న డైలాగ్ ఉండదు. ఇంకోటి మాట మార్చి చెప్పించడం. "చెయ్యలేను" అన్నచోట "చెయ్యను" అని ఒకసారి అనమంటారు.

ఇక్కడే నాకు తెలుగు సంగతి తట్టింది. మన భాషలో కోపం మనం చెయ్యం, అది మనకి "వస్తుంది". పని మనం ఆపం, అది "అవ్వలేదు". పెళ్ళికి వెళ్ళకపోతే "కుదర్లేదు". థెరపిస్ట్ నన్ను "నాకు కోపం వచ్చింది" బదులు "నేను కోప్పడుతున్నాను, నాన్నా, నీ మీద" అనమంది. ఆ ఒక్క వాక్యం నోటికి రావడానికి పది నిమిషాలు పట్టింది. వచ్చాక ఏడుపు ఆగలేదు.

కానీ అంతకుముందు ఒక హిందీ కౌన్సిలర్ దగ్గర ఇదే ఖాళీ కుర్చీ చేశాను. మంచావిడే, ట్రైనింగ్ ఉన్నావిడే. మూడు సెషన్లు "పాపా, ఆప్" అంటూ మాట్లాడా. ఏం లేదు, ఎండిపోయిన బోరు కొట్టినట్టు. మా నాన్నని నేను జన్మలో ఎప్పుడూ "మీరు" అనలేదు, "పాపా" అనీ పిలవలేదు. కుర్చీలో ఎవరో హిందీ సీరియల్ మావగారు కూర్చున్నట్టు ఉండేది. కోడలు అత్తగారి కుర్చీతో మాట్లాడాలన్నా అంతే, "అత్తయ్యగారూ మీరు" అన్న మర్యాద లోపల్నించే ఆ కోపం బయటికి రావాలి, వేరే భాషలోకి మారిస్తే ఆ మర్యాదా పోతుంది, దానికింద నలిగిందీ పోతుంది. మన ఊళ్ళో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగునే రాయాలని జీవితమంతా కొట్లాడారు కదా, కుర్చీ ముందు కూర్చున్నప్పుడు ఆ గొడవ మళ్ళీ మొదటికొచ్చినట్టుంటుంది, గ్రాంథికంలో కూడా ఏడవలేం.

అందుకే నా లెక్కలో గెస్టాల్ట్ తీస్కుంటే ఇంటి భాష వచ్చిన మనిషి దొరికితేనే తీస్కోండి. దొరక్కపోతే వేరే పద్ధతి మేలు.

ఇందులో లోటు లేదా అంటే ఉంది. సీబీటీకి ఉన్నంత రీసెర్చ్ దీనికి లేదు. కుర్చీ పనిని తీస్కుని లెస్లీ గ్రీన్‌బర్గ్ వాళ్ళు ఎమోషన్ ఫోకస్డ్ థెరపీ అని కట్టి డిప్రెషన్ మీద పరీక్షించారు, ఫలితాలు బాగున్నాయి, కానీ అది గెస్టాల్ట్ మొత్తానికి సర్టిఫికెట్ కాదు. ఇంకో లోటు పర్ల్స్ స్టైల్. 60లలో కాలిఫోర్నియాలో ఎసాలెన్ అనే సంస్థలో జనం ముందు ఒకరిని కూర్చోబెట్టి నిలదీసే డెమోలు చేసేవాడు, దాన్ని చూసి ఇప్పటికీ కొందరు గెస్టాల్ట్ అంటే క్లయింట్‌ని గిల్లడమే అనుకుంటారు. ఇప్పటి పద్ధతి చాలా మెత్తబడింది, ఇద్దరి మధ్య సంబంధం మీద నడుస్తుంది. 1970లో ఆర్నల్డ్ బైసర్ రాసిన మాట ఒకటుంది, మనిషి ఇంకోలా అవ్వాలని పాకులాడినప్పుడు కాదు, ఉన్నదున్నట్టు అయినప్పుడే మారతాడని. నిలదీసే కౌన్సిలర్ దొరికితే ఈ మాట గుర్తుచేసి వచ్చేయండి.

సీబీటీ: నోట్‌బుక్ పట్టుకుని కూర్చునే పద్ధతి

1960లలో ఆరన్ బెక్ డిప్రెషన్ పేషెంట్లతో పనిచేస్తూ కట్టినది. ఆలోచన, భావన, చేసే పని మూడూ ఒకదాన్ని ఒకటి లాగుతాయి కాబట్టి ఆలోచనని పట్టుకుని పరీక్షిద్దాం, చేసే పనిని కొంచెం కొంచెం మారుద్దాం అన్నది సారాంశం. మామూలుగా 12 నుంచి 20 సెషన్లు, హోంవర్క్ ఉంటుంది, ముందే గోల్ పెట్టుకుంటారు. పానిక్, ఫోబియా, ఓసీడీ (చెయ్యి పదే పదే కడగడం లాంటివి), డిప్రెషన్‌కి దీని వెనక చాలా పరిశోధన ఉంది.

నాకు నచ్చిన సంగతి, భాష ఇబ్బంది తక్కువ. టేబుల్ గీసి "సిట్యువేషన్, ఆలోచన, దానికి సాక్ష్యం ఏంటి" అని రాయడం హిందీలోనో ఇంగ్లీషులోనో అయినా పని నడుస్తుంది, బస్సులో పానిక్ వచ్చేవాడికి మెట్టు మెట్టుగా బస్సెక్కించే ప్లాన్ ఏ భాషలో వేసినా బస్సు అదే. నాకు నచ్చనిది, నాన్న విషయంలో సాక్ష్యాల పట్టిక వేస్తుంటే "నేను వేరే హాస్పిటల్‌కి తీస్కెళ్ళుంటే" అన్న ఆలోచన తప్పని పేపర్ మీద ఒప్పుకున్నా, మెడ మాత్రం ఒప్పుకోలేదు. ఇది నా ఒక్కదాని సంగతి, మా పిన్ని కొడుకు ఇదే పద్ధతితో లిఫ్ట్ భయం పోగొట్టుకున్నాడు.

రోజర్స్ పద్ధతి, సైకోడైనమిక్, ఇంకా మందులు

రోజర్స్ లైన్‌లో (పైన పర్సన్ సెంటర్డ్ అన్నది ఇదే) కౌన్సిలర్ నిజాయితీగా, తీర్పు చెప్పకుండా, మీ లోపలి కోణం నుంచి వింటారు, అంతే. "అంతేనా" అనిపిస్తుంది, కానీ పుట్టినప్పట్నించీ ఎవరూ మధ్యలో అడ్డు రాకుండా మన మాట విన్న రోజులు ఎన్ని ఉన్నాయో లెక్కేస్కోండి. కొత్తగా వెళ్ళేవాళ్ళకి, భయపడేవాళ్ళకి మొదటి మెట్టుగా ఇది మంచిది. "ఏం చెయ్యాలో చెప్పండి మేడమ్" అనేవాళ్ళకి మాత్రం విసుగు.

సైకోడైనమిక్ అంటే ఫ్రాయిడ్ వంశం, చిన్నప్పటి సంబంధాలు ఇప్పటి సంబంధాల్లో ఎలా మళ్ళీ ఆడుతున్నాయో నెమ్మదిగా చూడ్డం. సమయం, డబ్బు రెండూ ఎక్కువే, మన వైపు చిన్న ఊళ్ళలో చేసేవాళ్ళు దొరకడం కష్టం, దీనిమీద ఇంతకన్నా రాయను.

మందులు వేరే గీత మీదవి. చావాలనే ఆలోచనలు, లేనివి వినపడటం, రోజుల తరబడి నిద్ర లేకుండా హుషారు, ఇవి ఉంటే ముందు సైకియాట్రిస్ట్. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది, అటు వైపు విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. రాత్రి పూట ఏం తోచకపోతే టెలీ మానస్, నంబర్ 14416, ప్రభుత్వానిది, ఫ్రీ, ఇరవై నాలుగ్గంటలు, తెలుగు ఒడియా రెండూ ఉన్నాయి. ఇలాంటి స్థితిలో ఖాళీ కుర్చీ లాంటి గట్టి ప్రయోగాలు చెయ్యకూడదు, చేద్దాం అన్న కౌన్సిలర్‌ని నమ్మకూడదు.

| చూసేది | గెస్టాల్ట్ | సీబీటీ | రోజర్స్ పద్ధతి |
|---|---|---|---|
| గదిలో పని | ఒంటిని గమనించడం, ప్రయోగాలు, కుర్చీ | ఆలోచనల పరీక్ష, మెట్ల ప్లాన్ | వినడం, అర్థం చేస్కోవడం |
| హోంవర్క్ | అప్పుడప్పుడూ | దాదాపు ప్రతివారం | ఉండదు |
| ఎన్నాళ్ళు | లెక్క లేదు, ముందే మాట్లాడుకోవాలి | 12 నుంచి 20 సెషన్లు | లెక్క లేదు |
| ఇంటి భాష అవసరం | చాలా | కొంచెం | బాగానే |
| పరిశోధన బలం | తక్కువ, పెరుగుతోంది | చాలా | ఫర్వాలేదు |
| సెషన్ అయ్యాక | కదిలిపోయి ఉండొచ్చు | చేతిలో పని ఉంటుంది | తేలిగ్గా ఉంటుంది |

ఎవరికి ఏది

రాయగడలోనో గుణుపురంలోనో కూర్చుని పోటీ పరీక్షలకి చదువుతూ హాల్లో చేతులు వణికే కుర్రాళ్ళకి సీబీటీ, ఆలోచించక్కర్లేదు. పరీక్ష డేట్ ముందే ఉంది, మీకు చిన్నప్పటి సంగతులు తవ్వుకునే టైమ్ లేదు.

సూరత్ మిల్లుల్లో పనిచేసి నెల సెలవు మీద ఇంటికొచ్చిన అన్నలకి నెలలో తేలేది ఏదైనా కావాలి, మళ్ళీ బండెక్కాలి కదా. రెండు మూడు సెషన్లు వినే కౌన్సిలింగ్, తాగుడు ఉంటే దానికి డాక్టర్, తర్వాత ఫోన్‌లో కొనసాగించేలా ముందే మాట్లాడుకోండి. ఉన్న నెలలో గెస్టాల్ట్‌తో పాత గాయం తెరిచి, మూసే టైమ్ లేకుండా రైలెక్కడం మంచిది కాదు.

ఉమ్మడి ఇంట్లో కోడళ్ళకి చెప్పడం కొంచెం కష్టం. మింగేసిన మాటలు ఎక్కువ కాబట్టి గెస్టాల్ట్ సరిగ్గా సరిపోతుందని అనిపిస్తుంది, సరిపోతుంది కూడా. కానీ గదిలో కుర్చీకి చెప్పిన మాట అదే ఊపులో రాత్రి ఇంట్లో అసలు మనిషికి చెప్పేస్తే దాని పర్యవసానం థెరపిస్ట్ భరించదు, మీరు భరించాలి. గదిలో చేసింది ప్రయోగం, ఇంట్లో ఏం చెయ్యాలన్నది వేరే నిర్ణయం, ఈ రెండింటినీ విడదీసి మాట్లాడే థెరపిస్ట్ అయితేనే దిగండి. ఇంట్లో చెయ్యి చేస్కునేవాళ్ళుంటే ముందు మీ భద్రత, థెరపీ ఆ తర్వాత.

భార్య పోయి, పిల్లలు హైదరాబాద్‌లో ఉండి, సాయంత్రం అరుగు మీద ఒక్కరే కూర్చునే రిటైర్డ్ మాస్టార్లకి, నాలాగా ఆఖరి మాట మిగిలిపోయినవాళ్ళకి గెస్టాల్ట్ అనే నా ఓటు. పెద్దాయనలు "ఇదేం నాటకం" అంటారు మొదటిసారి. అననివ్వండి. ఏడుపు ఇంకా పచ్చిగా ఉన్న మొదటి నెలల్లో అయితే కుర్చీ జోలికి వద్దు, వినే మనిషి చాలు.

ఫోన్‌లో అడగాల్సినవి

ట్రైనింగ్ ఎక్కడ, ఎన్నాళ్ళు? ఒక్క వర్క్‌షాప్‌కి వెళ్ళొచ్చి గెస్టాల్ట్ థెరపిస్ట్ అని రాస్కునేవాళ్ళు ఉన్నారు, అసలు ట్రైనింగ్ ఏళ్ళ తరబడి ఉంటుంది, తను కూడా క్లయింట్‌గా కూర్చోవాలి. నాకు వద్దనిపిస్తే ప్రయోగం ఆపుతారా? సెషన్ మొత్తం తెలుగులో చేస్తారా, లేక తెలుగు "అర్థమవుతుందా"? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మూడు సెషన్లు చూసి తేల్చుకుంటానని ముందే చెప్పండి, మొహం మాడ్చుకుంటే అక్కడే తెలిసిపోతుంది.

మన వైపు తెలుగులో గెస్టాల్ట్ చేసేవాళ్ళు పక్క వీధిలో దొరకరు, విశాఖో హైదరాబాదో అవ్వాలి, అంటే చాలామందికి ఆన్‌లైనే. కుర్చీ పని ఆన్‌లైన్‌లో కూడా అవుతుంది, కుర్చీ మన ఇంట్లోదే కాబట్టి ఒక్కోసారి ఇంకా బాగా అవుతుంది. నెట్ నిలిచే చోటు ముందు రోజే చూస్కోండి, కెమెరాలో మొహం ఒక్కటే కాకుండా చేతులు, భుజాలు కనపడేలా ఫోన్ దూరంగా పెట్టండి, ఎందుకంటే థెరపిస్ట్ చూసేది వాటినే. తలుపు గడియ మాత్రం తప్పకుండా పెట్టుకోండి. నేను రెండో సెషన్‌లో పెట్టలేదు. నాన్న పడక్కుర్చీ ఎదురుగా వేస్కుని, కళ్ళు మూసుకుని, ఊపిరి తీస్కుని, "నాన్నా" అని మొదలుపెట్టి కళ్ళు తెరిచేసరికి అందులో మా అమ్మ, చేటలో చిక్కుడుకాయలు పెట్టుకుని, ఈనెలు తీస్తూ, "ఏటే, ఎవర్ని పిలుస్తున్నావు" అంది.